కొత్త టర్న్‌టేబుల్ అమరిక: స్పీకర్లలో గుయ్‌మనే మోత, ఊగుతున్న శ్రుతి – సలహాలు కోరుతున్నాను

మాంబళం_శ్రోత (చెన్నై)

సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలను ఏళ్లుగా చదువుతున్నాను గాని, నేనే ఒక చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. మా నాన్నగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జీతంలో కొంత మిగిల్చి కొన్న ఎల్పీ రికార్డులు రెండు వందల పైచిలుకు మా ఇంట్లో ఉన్నాయి. వాటిలో ముప్పాతిక వంతు కర్ణాటక సంగీతమే. బాలమురళీకృష్ణ గారి గాత్రం, ఈమని శంకరశాస్త్రి గారి వీణ అంటే ఆయనకు ప్రాణం. ఆయన పోయిన తరువాత పాత ప్లేయరు మూలపడింది, రికార్డులు చెక్క బీరువాలో ఉండిపోయాయి. చాలాకాలం డబ్బు దాచుకుని, గత నెలలో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జీఆర్ టర్న్‌టేబులు (రికార్డు ప్లేయరు), దానికి ఆర్టోఫోన్ 2ఎం బ్రాంజ్ కార్ట్రిడ్జి (ముల్లు అమర్చి ఉండే చిన్న భాగం) కొన్నాను. ఫోనో స్టేజి (కార్ట్రిడ్జి ఇచ్చే సన్నని సంకేతాన్ని పెంచే భాగం) లోపలే ఉన్న ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయరు, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంతకుముందే ఉన్నాయి.

కార్ట్రిడ్జిని హెడ్‌షెల్‌కు (టోన్ఆర్మ్ కొసన దాన్ని పట్టుకునే భాగానికి) బిగించడానికే ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది. వెంట్రుకల్లాంటి నాలుగు తీగలను పట్టుకారుతో పట్టుకుని, తెలుపు, నీలం ఎడమ చానెలుకూ, ఎరుపు, ఆకుపచ్చ కుడి చానెలుకూ తొడిగాను. హెడ్‌షెల్ అంచు నుంచి ముల్లు కొన దాకా 52 మిల్లీమీటర్లు ఉండేలా, పెట్టెలో వచ్చిన కొలపరికరంతో సరిచూసుకున్నాను. తరువాత వెనక బరువును తిప్పుతూ పోగా, టోన్ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) త్రాసు ముల్లులా గాలిలో నిలిచింది. అప్పుడు సంఖ్యల చక్రాన్ని సున్నాకు తెచ్చి, బరువును 1.5 గ్రాములకు తిప్పాను. చిన్న డిజిటల్ కాటా కూడా అంతే చూపించింది.

పాట మొదలైతే ఆనందానికి అవధులు లేవు. అయితే రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, ఫోనో ఇన్‌పుట్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మనే మోత వస్తోంది. వాల్యూము పెంచితే మృదంగం కంటే అదే ముందుగా వినబడుతోంది. అమరికకు సాయపడటానికి వచ్చిన మెకానిక్ ఆంప్లిఫయరు ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేస్తే సరిపోతుందన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. రెండవది, ఒక వీణ రికార్డులో శ్రుతి ఊగుతోంది. మా అమ్మగారు వీణ నేర్పుతారు. ఆవిడ కళ్లు మూసుకుని వింటూ, తొడ మీద వేలితో కొడుతూ, “షడ్జం నిలబడటం లేదురా, వస్తోంది, పోతోంది” అన్నారు. ఇంత ఖర్చు పెట్టి కొన్న యంత్రంలోనే లోపం ఉందేమోనని దిగులుగా ఉంది.

ఎర్తింగ్_మాస్టారు (చెన్నై, పెరంబూరు)

మీకు ధైర్యం చాలకపోవడమే మంచిదయింది. దయచేసి ఆ పిన్ను జోలికి వెళ్లకండి. ముప్పై ఐదేళ్లు విద్యుత్ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను: ఆంప్లిఫయరు లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు పైనున్న లోహపు డబ్బాకు వస్తాయి. ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ లేకపోతే అది గ్రౌండు తీగ వెంబడి టర్న్‌టేబులు దాకా వచ్చి, ముల్లును ఎత్తబోయే మీ వేలి కోసం కాచుకుని ఉంటుంది. ఆ సలహా ఇచ్చిన మనిషికి తెలియక చెప్పి ఉండవచ్చు, కానీ ఆ పద్ధతి ఈ ఊళ్లో ఇంకా బతికి ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

ఇక మోత సంగతి. సీడీ ప్లేయరు ఇచ్చే సంకేతం సుమారు 2 వోల్టులు. మీ కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. అంటే నాలుగు వందల వంతులో ఒక వంతు. దానికి తోడు, రికార్డు కోసేటప్పుడు గాడి మరీ వెడల్పుగా ఊగకుండా మంద్ర స్వరాలను తగ్గించి కోస్తారు, మోగించేటప్పుడు ఫోనో స్టేజి వాటిని అదే లెక్కన పెంచుతుంది. 1954లో ఖరారైన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం ఇదే. ఆ లెక్క ప్రకారం 50 హెర్ట్‌జ్ దగ్గర పెంపు, వెయ్యి హెర్ట్‌జ్‌తో పోలిస్తే, సుమారు 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు. మన ఇళ్లలో కరెంటు కూడా సరిగ్గా 50 హెర్ట్‌జే. అందువల్ల మిగతా ఇన్‌పుట్లలో వినబడని మోత ఫోనోలో వినబడుతుంది. మీ యంత్రంలో లోపం ఉందని ఇప్పుడే అనుకోనక్కరలేదు.

మోత ఎక్కడినుంచి వస్తోందో దాన్ని వింటేనే తెలుస్తుంది. ముల్లుకు తొడుగు పెట్టి, మోటారు ఆపి, వాల్యూము మామూలుగా వినే స్థాయిలో ఉంచి, టోన్ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని ప్లాటరు (రికార్డు తిరిగే పళ్లెం) మీదుగా మెల్లగా మధ్యకు తీసుకువెళ్లండి. మోత పెరిగినా తగ్గినా, దగ్గరలో ఏదో ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జిలోని తీగచుట్ట పట్టుకుంటోందన్నమాట. ఎక్కడ ఉన్నా ఒకేలా ఉంటే, గ్రౌండు లూపు, అంటే పరికరాలు రెండు చోట్ల భూమికి తగలడం వల్ల వచ్చే మోత. అప్పుడు ఆంప్లిఫయరుకు తగిలించిన మిగతా పరికరాలను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ రండి. మోత కాకుండా సన్నగా జుయ్‌మని గీరినట్టు వినబడితే ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును అనుమానించండి. మీరు ఏమి విన్నారో అలాగే రాయండి.

బెంగళూరు_ఎల్పీ (బెంగళూరు, జయనగర్)

మాంబళం_శ్రోత గారికి అభినందనలు. ఎస్‌ఎల్-1200 వరుస 1972లో మొదలై, 2010లో ఆగిపోయి, 2016లో మళ్లీ ప్రాణం పోసుకుంది. జీఆర్ ఆ రెండవ జన్మలోదే. నేను బెల్టు డ్రైవు వాడుతున్నాను గాని, వేగం విషయంలో, మోటారే ప్లాటరును నేరుగా తిప్పే మీ డైరెక్ట్ డ్రైవు మీద నాకు గొప్ప గౌరవం ఉంది.

మోతకు నా సలహా వేరు. మా ఇంట్లో ఒక మంచి పవర్ కండిషనరు (కరెంటులోని చెత్తను వడపోసే పరికరం) పెట్టిన తరువాత నేపథ్యం చాలా నిశ్శబ్దమైంది. చెన్నైలో కరెంటు ఒడిదుడుకులు కూడా ఉంటాయి కాబట్టి దానికి కొంత డబ్బు కేటాయించడం వృథా కాదని నా నమ్మకం.

ఎర్తింగ్_మాస్టారు

బెంగళూరు_ఎల్పీ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ మాంబళం_శ్రోత గారి మోత కరెంటులో కలిసి వస్తున్నదని ఇంకా తేలలేదు. ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రాన్నీ గ్రౌండు లూపునూ కండిషనరు సామాన్యంగా తీర్చలేదు. రెండు అడుగులు జరిపితే పోయే జబ్బుకు ముందే మందు కొనవద్దని మాత్రమే నా మనవి.

మాంబళం_శ్రోత

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. టోన్ఆర్మ్ ప్లాటరు అంచు మీద ఉన్నప్పుడు మోత మామూలుగా ఉంది. మధ్యకు తీసుకువెళ్తున్న కొద్దీ స్పష్టంగా పెరిగింది. మా హాల్లో పొడవాటి టేకు బల్ల మీద ఆంప్లిఫయరును ఎడమ పక్కన, టర్న్‌టేబులును దానికి ఆనించినట్టుగా కుడి పక్కన పెట్టాను. అంటే పాట సాగుతున్న కొద్దీ కార్ట్రిడ్జి ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరవుతోందన్నమాట. ఇన్నాళ్లూ ప్రతి రికార్డు చివరి కృతిలోనే మోత ఎక్కువగా ఉందని అనుకుంటూ వచ్చాను, కారణం మాత్రం తోచలేదు.

ఆంప్లిఫయరును కింది అరలోకి, వ్యతిరేకపు మూలకు మార్చాను. మోత సగానికి పైగా పోయింది. మిగిలిన మోత ఆర్మ్ ఎక్కడున్నా ఒకేలా ఉంది. తీగలు ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోగా, గోడలోంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరును పీకిన క్షణంలో అది చప్పున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గోడ గడియారం టిక్కుటిక్కు వినబడింది. మా అమ్మగారు వంటింట్లోంచి “కరెంటు పోయిందా?” అని అడిగారు.

ఎర్తింగ్_మాస్టారు

చాలా సంతోషం. మొదటి దానికి లెక్క ఇది: ట్రాన్స్‌ఫార్మరు నుంచి దూరం రెట్టింపైతే దాని క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే రెండు అడుగుల జరుపుడుకు అంత ఫలితం.

రెండవది అచ్చమైన గ్రౌండు లూపు. కేబుల్ వైరు పైతొడుగు మీ మేడ మీదనో, వీధి స్తంభం దగ్గరనో ఒకచోట భూమికి తగులుతుంది. మీ ఆంప్లిఫయరు ఎర్త్ పిన్ను ద్వారా మరొకచోట తగులుతుంది. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడా మీ సంకేతపు తీగల గుండా ప్రవహిస్తోంది. టీవీ శబ్దాన్ని ఆంప్లిఫయరుకు రాగి తీగతో కాకుండా ఆప్టికల్ కేబుల్‌తో ఇవ్వండి. దానిలో నడిచేది వెలుతురు, విద్యుత్తు కాదు. లూపు అక్కడే తెగిపోతుంది, ఎర్త్ మాత్రం ఎర్త్‌గానే ఉంటుంది.

మల్టీమీటరు దొరికితే ప్లగ్గు పాయింటులో న్యూట్రలుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కూడా చూడండి. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువ ఉంటే మీ అపార్ట్‌మెంటు ఎర్త్ గుంతను చూడమని సంఘాన్ని అడగండి. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలపు గుంతలకు ఎండాకాలంలో నీళ్లు పోసేవాళ్లే కరువయ్యారు.

తంబురా_తీగ (చెన్నై, మైలాపూరు)

మోత తేలింది కాబట్టి ఇక శ్రుతి దగ్గరికి వద్దాం. నాకు అసలు ఆసక్తి ఉన్నది దానిమీదే. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు వెంటవెంటనే మారిపోతుంటాయి. మన సంగీతంలో కచేరీ అంతా వెనక తంబురా ఒకే షడ్జం మీద నిలిచి ఉంటుంది. వేగంలో ఏ కొంచెం తేడా వచ్చినా ఆ గీత మీద వెంటనే కనిపిస్తుంది. టర్న్‌టేబులును పరీక్షించడానికి తంబురాను మించిన పరికరం నేను చూడలేదు.

మీ అమ్మగారు తొడ మీద వేలితో కొట్టారన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దయచేసి ఆవిడను మళ్లీ అలాగే కొట్టమని, మీరు గడియారం పెట్టుకుని పది దెబ్బలకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. పది దెబ్బలకు 18 సెకన్లు వస్తే దోషం మోటారుది కాదు, ఆ రికార్డు నడిబొడ్డున ఉన్న రంధ్రానిది. రంధ్రం కేంద్రం నుంచి తొలగితే గాడి ప్రతి చుట్టులోనూ ఒకసారి ముల్లుకు దగ్గరై, ఒకసారి దూరమవుతుంది. శ్రుతి దానితోపాటు పైకీ కిందికీ పోతుంది.

మోటారు వేగం సరిగా ఉందో లేదో వేరుగా చూసుకోవచ్చు. మీ ప్లాటరు అంచున నాలుగు వరుసల చుక్కలు ఉన్నాయి కదా, వాటిలో సున్నాకు చెందిన వరుస కదలకుండా నిలిచి కనిపించాలి. బయట దొరికే స్ట్రోబ్ డిస్కులు (కరెంటు దీపం వెలుతురులో వేగం చూపే గీతల చక్రాలు) వాడే మిత్రులకు ఒక మాట: మన దేశంలో 50 హెర్ట్‌జ్ వలయాన్నే చూడాలి, 33⅓ వేగానికి దానిలో 180 గీతలు ఉంటాయి. అమెరికా లెక్క ప్రకారం 216 గీతలున్న వలయం మీద చూసి యంత్రం వేగంగా తిరుగుతోందని కంగారుపడినవారు నాకు తెలుసు.

అడయారు_రికార్డులు (చెన్నై)

ఈ చర్చను ఇష్టంగా చదువుతున్నాను. రంధ్రం దోషమే అయితే కొందరు పెన్సిలుకు సన్నని గరుకు కాగితం చుట్టి రంధ్రాన్ని పెద్దది చేస్తారు, తరువాత చేత్తో జరిపి కేంద్రాన్ని కుదుర్చుకుంటారు. మీ నాన్నగారి రికార్డుకు అలా చేయవద్దని నా ప్రార్థన. పాత ప్లేయర్ల మీద తీస్తూ పెడుతూ ఉండటం వల్ల చాలా రికార్డుల రంధ్రాలు అప్పటికే అరిగి వదులై ఉంటాయి. ముందు ఆ వదులునే వాడుకుని చూడండి.

మరొక ముఖ్యమైన సంగతి కడగడం. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న రికార్డులకు మన సముద్రపు గాలిలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో, బూజు పట్టకుండా ఉండదు. ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుని చూడండి, బూడిదరంగు సాలెగూళ్లలాంటి మచ్చలు కనిపిస్తాయి. మీ బ్రాంజ్ ముల్లు ఫైన్ లైన్ రకం. గాడి గోడలను పొడవునా ఆనుకుని పోతుంది కాబట్టి శుభ్రమైన గాడిలో ఎంత వివరం తెస్తుందో, మురికి గాడిలో అంత చిటపటా తెస్తుంది. కుళాయి నీళ్లు వద్దు, అందులోని లవణాలు గాడిలోనే ఎండిపోతాయి. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరులో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపి, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడి తుడిచి, తిరిగి డిస్టిల్డ్ వాటరుతోనే కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో మాత్రం పెట్టవద్దు, వంగిపోతాయి.

వాటిలో 78 వేగం రికార్డులు ఏవైనా ఉంటే ఆల్కహాలు చుక్క కూడా తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. జీఆర్ 78 వేగంలో తిరుగుతుంది గాని, మీ ఎల్పీ ముల్లు వాటికి పనికిరాదు. వాటి గాడి వెడల్పైనది, దానికి 3 మిల్లుల (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్లు) ముల్లు వేరే కావాలి.

మాంబళం_శ్రోత

పది దెబ్బలకు పద్దెనిమిది సెకన్లు! మూడుసార్లు చూశాను, మూడుసార్లూ పద్దెనిమిదికి అటూఇటూగానే వచ్చింది. సున్నా వరుస చుక్కలు గోడకు కొట్టిన మేకుల్లా కదలకుండా ఉన్నాయి. తరువాత రికార్డు తిరుగుతుండగా వంగి చూస్తే, హెడ్‌షెల్ ప్రతి చుట్టుకూ ఎడమకూ కుడికీ ఊగుతోంది. పక్కన స్కేలు పెట్టి చూస్తే ఆ ఊపు మొత్తం మీద ఒక మిల్లీమీటరు ఉంది. శ్రుతి ఊపు మొదటి రాగంలో అంతగా తెలియదు గాని, చివరికి వచ్చేసరికి నాకు కూడా వినబడుతోంది. దీనికి కారణం ఏమిటి?

తంబురా_తీగ

మొత్తం ఊపు ఒక మిల్లీమీటరు అంటే రంధ్రం అర మిల్లీమీటరు తొలగిందని అర్థం. అంచు దగ్గర గాడి వ్యాసార్ధం 140 మిల్లీమీటర్లు అనుకుంటే, అర మిల్లీమీటరు దానిలో 0.36 శాతం. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని నూరు సెంట్లుగా తీసుకుంటే, అక్కడి ఊపు పైకి ఆరు సెంట్లు, కిందికి ఆరు సెంట్లు. లోపలి భాగంలో వ్యాసార్ధం 65 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, తొలగింపు మాత్రం అంతే ఉంటుంది. అక్కడ ఊపు 0.77 శాతం, అంటే ఇటూ అటూ పదమూడు సెంట్లు. వీణలో మెట్టు మీద తీగను లాగి గమకం పలికించే మీ అమ్మగారి చెవికి అది దొరక్కుండా ఎలా ఉంటుంది?

ఎనభైలలో నకమిచి సంస్థ ఈ ఒక్క దోషాన్ని సరిచేయడానికే, రికార్డు కేంద్రాన్ని తానే వెతుక్కుని జరుపుకునే టర్న్‌టేబులు తయారు చేసింది. మనకు చెయ్యి, కన్ను చాలు. రికార్డును ఆపి, హెడ్‌షెల్ ఎక్కడ బాగా కుడికి పోతోందో ఆ చోట అంచును ఒక వేలితో మెల్లగా లోపలికి నెట్టి, మళ్లీ తిప్పి చూడండి. నాలుగైదు ప్రయత్నాల్లో కుదురుతుంది.

బెంగళూరు_ఎల్పీ

మాస్టారు చెప్పింది నిజమైంది, కండిషనరు మాట వెనక్కు తీసుకుంటున్నాను. గది గురించి మాత్రం ఒక మాట చెప్పనివ్వండి. మన ఫ్లాట్లలో కింద నున్నటి టైల్సు, చుట్టూ సిమెంటు గోడలు. మీరు కూర్చునే చోట నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి; టింగుమని వెనక ఒక తోక వినబడితే, ఆ తోక ప్రతి మృదంగపు దెబ్బకూ అంటుకుంటుంది. మా ఇంట్లో స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి భవానీ జంపఖానాను రెండు మడతలుగా పరిచి, వెనక గోడకు పుస్తకాల బీరువా చేర్చాను. వయొలిన్ గీర తగ్గింది. మృదంగంలో తొప్పి (ఎడమ) వైపు మంద్ర నాదం అస్పష్టంగా ఉంటే స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు తెండి, సోఫాను గోడకు ఆనించకండి.

మాంబళం_శ్రోత

ఆదివారం రోజంతా దీనికే కేటాయించాను. ఆప్టికల్ కేబుల్ రిచీ స్ట్రీట్‌లో దొరికింది. టీవీ, కేబుల్ అన్నీ తగిలించి ఉన్నా ఇప్పుడు మోత లేదు. న్యూట్రలు, ఎర్త్ మధ్య 1.2 వోల్టులు ఉంది. సన్నగా జుయ్‌మన్న చప్పుడు ఒకటి మిగిలితే అది మాస్టారు అన్నట్టు ఫ్యాను రెగ్యులేటరుదే. ఫ్యానును పూర్తి వేగంలో పెట్టినా, ఆపినా పోతోంది. రెగ్యులేటరును మార్పిస్తాను.

వీణ రికార్డును అడయారు_రికార్డులు గారు చెప్పినట్టు కడిగాను. బ్రష్షు మీద నల్లని పేస్టులాంటి మురికి వచ్చింది. రంధ్రం నిజంగానే అరిగి వదులైంది. లేబులు మీద ఇరుసు గీరిన సన్నని గీతలు చుక్కల ముగ్గులా చుట్టూ ఉన్నాయి. చీకట్లో చేత్తో తడుముకుంటూ రికార్డు పెట్టే అలవాటు మా నాన్నగారికి ఉండేది, ఆ గీతలు అలా పడినవే. గరుకు కాగితం అవసరం రాలేదు. ఆ వదులులోనే ఆరుసార్లు జరిపేసరికి హెడ్‌షెల్ ఊపు పావు మిల్లీమీటరు లోపుకు వచ్చింది.

అమ్మగారు ఈసారి తొడ మీద కొట్టలేదు. కొంతసేపు విని, లోపలికి వెళ్లి వీణ తెచ్చుకున్నారు. రికార్డు శ్రుతి ఆవిడ వీణకు కొద్దిగా పైన ఉంది. పిచ్ స్లైడరును కిందికి జరుపుతూ పోతే 1.7 శాతం తగ్గించిన చోట రెండు షడ్జాలూ కలిశాయి. తంబురా_తీగ గారూ, మీ లెక్కలో అది ముప్పై సెంట్లు కావాలి, సరిచూడగలరు. రికార్డులో రాగం ఆలాపన సాగుతుండగా ఆవిడ ఒక్కో సంచారాన్నీ మెల్లగా వెనకనుంచి పలికించారు. ముల్లు లోపలి గాడి దాకా వచ్చి ఆగిన తరువాత కూడా వీణ దించలేదు, రెండో వైపు పెట్టమన్నారు.